రేలంగి హాలు ఎవరిది?

ప్రశ్న: తాడేపల్లిగూడెంలో హాస్యనటుడు రేలంగి పేరుతో ఉన్న సినిమా హాలు నిజంగా ఆయనదేనాండి? సినిమాల్లోకి వెళ్లగానే స్టార్ అయిపోయారా? – ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఆయన కట్టించుకున్నదేనండి, రేలంగి చిత్రమందిర్. ఇక వెళ్లగానే స్టార్ అవడమా! 1935లో దర్శకుడు సి.పుల్లయ్య గారి 'శ్రీకృష్ణ తులాభారం'తో తెరమీదకొచ్చిన మనిషికి గట్టి పేరు తెచ్చింది 1949 నాటి 'గుణసుందరి కథ', అంటే పద్నాలుగేళ్లు. ఆ మధ్యకాలంలో పుల్లయ్య గారి దగ్గరే ఉండి చిన్నాచితకా వేషాలు వేస్తూ, చెప్పిన ప్రతి పనీ చేస్తూ గడిపారు. అంతకుముందు నాటకాల్లో ఆడవేషాలు కట్టిన అనుభవం ఉంది కాబట్టి ఒళ్లు విరుపులూ, ముఖం మార్పులూ అప్పుడే అబ్బి ఉంటాయని నా అనుమానం. 'మాయాబజార్' పెళ్లి సీను మళ్లీ చూడండి, మాయా శశిరేఖ కాలు తొక్కినప్పుడు లక్ష్మణకుమారుడి వేషంలో ఉన్న ఆయన మొహంలో నొప్పీ, పరువు పోతుందన్న టెన్షనూ రెండూ ఒకేసారి కనబడతాయి. 1970లో పద్మశ్రీ వచ్చింది, 1975లో పోయారు.

ప్రశ్న: నటి అంజలీదేవిది కాకినాడేనా? – ఒక పాఠకురాలు, రామచంద్రపురం

జవాబు: పుట్టింది పెద్దాపురం, నాటకాలు నేర్చింది కాకినాడ. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బులో ఎస్వీ రంగారావు గారూ వేషాలేసేవారు. భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు గారిదీ ఆ నాటకాల పరిచయమే. మీ కాకినాడ చుట్టాలు గొప్పలు చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, సగం నిజమే కదా!