విదేశంలో ఉన్నవాణ్ణి ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ద్వారా బెదిరిస్తే చట్టం పట్టించుకుంటుందా?

మీ తమ్ముడి రూమ్మేట్ టొరంటోలో ఉండి తన దేశ ప్రభుత్వాన్ని విమర్శిస్తూ పోస్టులు పెడితే, అక్కడ వాళ్ల అమ్మానాన్నల్ని బెదిరిస్తున్నారు, ఫిర్యాదు చేస్తే వింటారా అని అడిగారు. వింటారు. 2024కి ముందైతే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. 2019లో నేనూ టొరంటోలోనే చదువుకుంటూ, వేరే దేశం కుర్రాడితో కలిసి ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. తన దేశ ప్రభుత్వానికి వ్యతిరేకంగా జరిగిన ఒక ర్యాలీలో ప్లకార్డు పట్టుకున్నాడు, అంతే. ఆ వారమే వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఎప్పుడూ వంటింట్లోంచి మాట్లాడే మనిషి, ఆ రోజు ముందుగదిలో కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంది. రెండు మాటలు అయ్యాయో లేదో ఫోన్ ఎవరో తీసుకున్నారు. మొహం కనపడలేదు, చొక్కా గుండీలే కనిపించాయి. "మీ అమ్మకి బీపీ ఉందటగా" అన్నాడని వాడు తర్వాత చెప్పాడు.

పోలీసుల దగ్గరికి తోడు వెళ్లాను. మర్యాదగానే విన్నారు. కానీ ఫోన్ చేసినవాడు ఇక్కడ లేడు, నిన్నేమీ చేస్తాననలేదు, ఏమని కేసు పెట్టాలి అన్నారు. ఆ రాత్రి నాకు మా అమ్మే కళ్లముందు మెదిలింది. నాన్న పోయాక కొబ్బరితోటలో ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మన కోనసీమలో అలాంటి ఇళ్లు ఎన్ని లేవు! పిల్లలు కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు, అరుగు మీద పెద్దవాళ్లు. ఆ అరుగు మీదకి ఎవడో వచ్చి కూర్చుంటే నేను నోరు విప్పగలనా? ఆ కుర్రాడూ విప్పలేదు, పోస్టులన్నీ తీసేశాడు.

2024 జూన్‌లో కెనడా, విదేశీ జోక్యాన్ని అడ్డుకోవడానికి తెచ్చిన బిల్ సి-70ని చట్టం చేసింది. అంతకుముందు ఆ బెదిరింపు వల్ల కెనడాకి నష్టమని కూడా చూపించాల్సి వచ్చేది, అది తీసేశారు. విదేశీ ప్రభుత్వం తరఫున భయపెట్టి ఏదైనా చేయించినా, చేయించాలని చూసినా నేరమే. తనవాళ్లకి ఏమవుతుందోనన్న భయం పెట్టడమూ అందులోకే వస్తుంది, యావజ్జీవం దాకా పడొచ్చు. బ్రిటన్ 2023లో తెచ్చిన చట్టంలో విదేశీ జోక్యానికి 14 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ఆస్ట్రేలియా ఇంకా ముందే, 2018లోనే చేసింది.

అవతలి దేశంలో ఉన్నవాణ్ణి పట్టుకురావడం ఇప్పటికీ కష్టమే. కానీ మా వాడి ప్లకార్డు సంగతి అంత దూరం చేరిందంటే, ఆ ర్యాలీలోనే ఎవరో ఫోటో తీసి పంపి ఉండొచ్చు. అలాంటివాడు ఇక్కడే దొరుకుతాడు. అందుకే ఫిర్యాదు ఇవ్వమంటాను.

స్థానిక పోలీసులకీ, కెనడా జాతీయ పోలీసు ఆర్‌సీఎంపీకీ చెప్పమనండి. మీ తమ్ముణ్ణి తోడు వెళ్లనివ్వండి. అప్పట్లో నా పేరు, నంబరు రాసుకున్నారు, వీసా మాటే ఎత్తలేదు. ప్రతి కాల్ తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా వాళ్ల భాషలోనే రాసి పెట్టమనండి, పోస్టులు తీసేసేముందు స్క్రీన్‌షాట్లు తీయమనండి. మమ్మల్ని ఆఫీసర్ మొదట అడిగింది కాల్ ఏ తేదీన వచ్చిందనే. మేం ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.