పొగ మానడానికి తోటివారి తోడు నిజంగా పనికొస్తుందా? మా పర్లాకిమిడి అనుభవం

చాలా ఏళ్ళుగా బీడీ, సిగరెట్టు రెండూ అలవాటని, అయ్యప్ప మాల వేసుకున్న ప్రతిసారీ పెద్ద బాధ లేకుండానే మానగలుగుతున్నానని, మాల తీసిన వారంలోపే మళ్ళీ మొదలవుతోందని, పదిమందితో కలిసి మానితే ఈసారైనా నిలుస్తుందా అని మీరు అడిగారు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. మీరు చెప్పిన దారిలోనే నేనూ చాలాకాలం తిరిగాను కాబట్టి అనుభవంతోనే చెబుతున్నాను: నిలుస్తుంది, అయితే ఆ తోడు దీక్షతోపాటే ముగిసిపోకూడదు.

ముందుగా ఒక విషయం గమనించండి. పొగ మానినవారికి చిరాకు, నిద్రలేమి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం వంటి బాధలు మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, ఆపైన తగ్గుతూ వచ్చి, ఎక్కువమందిలో మూడు నాలుగు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. మండల దీక్ష 41 రోజులు. అంటే మాల తీసే నాటికి శరీరం నికోటిన్ పట్టు నుంచి దాదాపుగా బయటపడినట్టే. అయినా ఆ సాయంత్రమే చెయ్యి పెట్టె మీదికి పోతోందంటే, లోపం మీ మనోబలంలో లేదు. దీక్షలో ఉన్నన్నాళ్ళూ పొద్దున, సాయంత్రం పూజ దగ్గర తోటి స్వాములు కనిపిస్తారు, నల్ల బట్టల్లో వెళ్ళి అడిగితే బడ్డీ కొట్టువాడే సిగరెట్టు ఇవ్వడానికి సందేహిస్తాడు, ఇంట్లోవాళ్ళు కూడా మీతో మాట్లాడే తీరు మార్చుకుంటారు. మాల తీయగానే ఇవన్నీ ఒక్కపూటలో పోతాయి. బడ్డీ దగ్గర తాడు కొసన రగిలే నిప్పు మాత్రం ఎక్కడికీ పోదు.

మా బృందం ఈ ఆలోచనతోనే మొదలైంది. సంక్రాంతి వెళ్ళి స్వాములందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక, మాలో పొగ అలవాటున్న ఆరేడుగురం సాయంత్రం పూట గుడి అరుగు మీద కలుసుకోవడం మానకూడదని అనుకున్నాం. బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఆయన, లారీ డ్రైవరు, రిటైరైన ఒడియా మాస్టారు, ఇంకా కొందరు ఉండేవాళ్ళం. మాట సగం తెలుగు, సగం ఒడియా. మొదటి రోజే ఒకాయన కర్పూరం ఆర్పి ప్రమాణం చేద్దామన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ప్రమాణం చేసినవాడు ఒక్క బీడీ కాల్చినా మనకు మొహం చూపించడు, మొహం చూపించనివాడికి మనం చెయ్యగలిగింది ఏమీ లేదు అన్నారాయన. ఇలాంటి బృందాలన్నీ మొదట తేల్చుకోవలసిన సంగతి ఇదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒట్లు పెట్టించే చోట నిజం దాగుతుంది.

మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. అంటించాలనిపించినప్పుడు ముందు ఫోన్ చెయ్యాలి. అంటించేసినా ఫోన్ చెయ్యాలి, అవతలివాళ్ళు మందలించకూడదు. పొగ కోసం పుట్టే తహతహ చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే తగ్గుతుంది కాబట్టి ఆ కాసేపూ మాట దొరికితే చాలు. ఒక రాత్రి రాయగడ వైపు వెళ్తూ మా డ్రైవరు దాబా దగ్గర లారీ ఆపి లెక్కల ఆయనకు ఫోన్ చేశాడు. ఈయన నీతులేమీ చెప్పలేదు. “ఫోన్ పెట్టెయ్యకు తమ్ముడూ, రాడ్డు తీసుకుని ఒక్కొక్క టైరూ కొట్టి చూస్తూ మాట్లాడు” అన్నాడు. అతడు బండి చుట్టూ తిరిగి, టైర్లన్నీ తట్టి, గాలి చూసుకుని, కేబిన్ ఎక్కేసరికి ఆ తహతహ దాటిపోయింది. ఫోన్ చెయ్యడానికి ఎప్పుడో మానేసిన పెద్దమనిషి కంటే, మీకంటే రెండు మూడు నెలలు ముందున్నవాడు మేలు. ఎందుకంటే ఆ బాధ అతడికింకా గుర్తుంటుంది.

డాక్టరు అడిగితే తప్ప చెప్పని చిన్న సంగతులు కూడా అరుగు మీదే తెలిశాయి. బీడీ లేకపోతే పొద్దున విరేచనం కాదన్న భయం మాలో చాలామందికి ఉండేది. మానిన కొత్తలో మలబద్ధకం కలగడం నిజమే, కానీ నీళ్ళు, ఆకుకూరలు, నడక పెంచుకుంటే కొద్ది వారాల్లో అదే సర్దుకుంటుంది. పొగలోని కొన్ని పదార్థాల వల్ల కాఫీ, టీలలోని కెఫీన్ శరీరం నుంచి త్వరగా పోతుంది. పొగ మానాక అదే కెఫీన్ ఎక్కువసేపు నిలిచి నిద్ర పాడుచేస్తుంది కాబట్టి టీలు సగానికి తగ్గించుకోవాలి. నికోటిన్ గమ్ వాడేవాళ్ళు దాన్ని మామూలు బబుల్‌గమ్‌లా అదేపనిగా నమిలితే వెక్కిళ్ళు, గొంతు మంట వస్తాయి. నాలుగుసార్లు నమిలి, చిమచిమలాడగానే చెంపకు, చిగురుకు మధ్య పెట్టి ఉంచాలి, టీ తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగే వాడాలి.

అరుగు మీది సభ మగవాళ్ళదే కావడం మా బృందానికున్న పెద్ద లోటు. మా ప్రాంతంలో, శ్రీకాకుళం తీరాన, అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ళు మా మధ్యకు వచ్చి కూర్చోరు. వాళ్ళ ఈడు ఆడవాళ్ళే కూడుకుంటే తప్ప ఆ మాట సాగదు. మీ ఇంట్లో అలాంటివారెవరైనా ఉంటే ముందు దంతవైద్యుడి చేత అంగిలి చూపించండి.

మీ ఊళ్ళో బృందం లేకపోతే, పెట్టె మీద అచ్చువేసే 1800-11-2356 నంబరుకు ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. దానితోపాటు ఒక్క మనిషినైనా వెతుక్కోండి. ఎక్కడో వెతకనక్కర్లేదు, రోజూ భోజనం అయ్యాక మీతో కలిసి బడ్డీ దగ్గర నిలబడే స్నేహితుణ్ణే అడగండి. ఆయన కూడా మానాలనుకుంటూ ఎవరైనా ముందు అడిగితే బాగుండునని చూస్తూ ఉండవచ్చు. ఈసారి మాల తీసే రోజుకు ముందే ఇద్దరూ మాట్లాడుకుని, ఆ సాయంత్రం ఎక్కడ కలుసుకోవాలో నిర్ణయించుకోండి.