ఏ పార్టీ గెలిచినా ప్రభుత్వ అప్పు పెరుగుతూనే ఉంటే ఓటరు చేయగలిగేది ఏముంది?

"ఎవరొచ్చినా దుబారానే, అప్పు మాత్రం తగ్గదు, ఇక ఓటెందుకు?" అని అడిగారు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అన్న ఈ విసుగు నాకూ చాలా ఏళ్లు ఉండేది. పైగా నేను ఆ దుబారాను దగ్గర్నుంచి చూసినవాణ్ణి. నిజానికి చేతులారా చేసినవాణ్ణి.

కొన్నాళ్లు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ చూశాను. ఆర్థిక సంవత్సరం చివరి నెల వచ్చిందంటే అందరికీ టెన్షన్. డబ్బు చాలక కాదు, మిగిలిపోయినందుకు! ఆఖరి తేదీలోపు ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయి. 'పోయినేడు మిగిల్చారుగా' అని వచ్చే ఏడాది కేటాయింపులో కోత కూడా పడుతుంది. అలా ఒక ఏడాది బాగానే ఉన్న కుర్చీలు తీసేసి కొత్తవి కొన్నాం. ఇండెంట్ రాసింది నేనే. కొటేషన్లు, సంతకాలు, బిల్లు, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. ఎవరి జేబులోకీ ఏమీ పోలేదు, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరమూ రాలేదు. నాకు మింగుడుపడనిది అదే. అమెరికా ఫెడరల్ కొనుగోళ్ల మీద 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏడాది చివరి వారం ఖర్చు మిగతా వారాల సగటుకు దాదాపు 5 రెట్లు ఉందని చదివినప్పుడు మా కుర్చీలే కళ్లముందు కదిలాయి.

ఆ కోపంతోనే బడ్జెట్ పత్రాలు చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే కుర్చీలు, కార్లు, ప్రకటనలు అన్నీ కలిపినా మొత్తం ఖర్చులో చిన్న ముక్కే. పెద్ద పద్దులు పెన్షన్లు, జీతాలు, వైద్యం, రక్షణ, సబ్సిడీలు, వడ్డీ. వడ్డీని పక్కనపెడితే ప్రతి పద్దు వెనకా ఓటర్లున్నారు. మా ఇంట్లోనే అమ్మ పెన్షన్ ఉంది. దాన్ని తగ్గిస్తానన్న అభ్యర్థికి నేను ఓటేస్తానా? వెయ్యను.

అప్పు మొత్తం ఎంతో చూసి గుండెలు బాదుకోవడం కూడా అప్పుడే మానేశాను. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీలో 200 శాతం దాటి చాలా ఏళ్లయింది. అయినా నడుస్తోంది, ఎందుకంటే అది సొంత కరెన్సీలో చేసిన అప్పు, అందులో ఎక్కువ భాగం ఆ దేశంలోని బ్యాంకులు, బీమా సంస్థలు, కేంద్ర బ్యాంకు దగ్గరే ఉంది. శ్రీలంకకు ఆ నిష్పత్తి అంతకంటే చాలా తక్కువే, కానీ డాలర్లు లేక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది. అంతకుముందు 2019 చివర్లో అక్కడ పన్నులు భారీగా తగ్గించారు. ఇది గమనించండి: లోటు పెరగడానికి ఖర్చొక్కటే కారణం కాదు, మనం చప్పట్లు కొట్టే పన్ను కోతలు కూడా.

నేను చూసేది వడ్డీ. ఆదాయంలో ఎంత భాగం వడ్డీకే పోతోంది, కొత్త అప్పు ఆస్తులు కట్టడానికా, జీతాలకా? అమెరికాలో 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ ఏకంగా రక్షణ ఖర్చును దాటేసింది. ప్రభుత్వ సంస్థల పేరుతో, ప్రభుత్వ హామీ మీద తెచ్చే అప్పులు చాలాచోట్ల బడ్జెట్ లెక్కలో కనబడవు కాబట్టి అవి ఎంతో కూడా అడగాలి. లెక్కలు దాస్తే ఏమవుతుందో గ్రీస్ చూపించింది. 2009లో కొత్త ప్రభుత్వం వచ్చి, అసలు లోటు ముందు చెప్పినదానికి కనీసం రెట్టింపని బయటపెట్టింది.

ఇక "ఎవరొచ్చినా తగ్గదు" అన్నది మాత్రం నిజం కాదు. అదే అమెరికా 1998 నుంచి 2001 వరకు నాలుగేళ్లు మిగులు బడ్జెట్ చూసింది. కెనడాలో 1995 బడ్జెట్‌లో ప్రభుత్వ ఉద్యోగాలు, రాష్ట్రాలకిచ్చే నిధులు గట్టిగా కోశారు. జనం ఇబ్బంది పడ్డారు, ముఖ్యంగా వైద్యం విషయంలో. అయినా 1997లో అదే పార్టీ మళ్లీ గెలిచింది, మూడేళ్లలోపే లోటు పోయి మిగులు వచ్చింది.

పోయిన ఎన్నికల్లో మా దగ్గర ప్రచారానికి వచ్చిన ఇద్దరు అభ్యర్థులనూ ఒకే ప్రశ్న అడిగాను: "మీ హామీలకు డబ్బు ఏ పన్ను పెంచి, ఏ పద్దు కోసి తెస్తారు?" మొదటాయన "అభివృద్ధి జరిగితే ఆదాయం దానంతటదే వస్తుందండీ" అని నవ్వి ముందుకెళ్లాడు. రెండో ఆయన కాసేపు తటపటాయించి, ఫలానా పన్ను పెంచక తప్పదని, రెండు శాఖలు కలిపేయాలని చెప్పాడు. పక్కనున్న కార్యకర్త ఆయన మోచేయి గిల్లడం నేను చూశాను.

ఆయనకే ఓటేశాను. ఓడిపోయాడు. తేడా ఎంతని అడక్కండి.