బూజు నుంచి తీసిన ఎంజైములు కోళ్ల దాణాలో కలపొచ్చా? పెల్లెట్ వేడికి తట్టుకుంటాయా?

మీరు అడిగినవి మూడు సంగతులు. ఫైటేజ్ (గింజల్లో బిగిసిన ఫాస్ఫరస్‌ను విప్పే ఎంజైమ్) కలిపితే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, ఫాస్ఫరస్ కోసం దాణాలో కలిపే పొడి) తగ్గించొచ్చన్న మాట నిజమేనా, బూజు నుంచి తీసిన సరుకు కోళ్లకు ప్రమాదం కాదా, దాణాను నొక్కి పలుకులుగా చేసే పెల్లెట్ మిషన్ వేడికి అది మిగులుతుందా అని. నేను దాణా మిల్లుల నమూనాలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను కాబట్టి మూడోదాని గురించే ఎక్కువ చెప్పగలను. అసలు డబ్బు పోయేది కూడా అక్కడే.

ముందు బూజు భయం. బూజు అనగానే అఫ్లాటాక్సిన్ అనే విషం గుర్తుకు రావడం సహజం. దాన్ని తయారుచేసే వాటిలో ముఖ్యమైనది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. దానికి దగ్గరి చుట్టమే ఆస్పర్‌జిల్లస్ ఒరైజే, కానీ ఇది ఆ విషాన్ని తయారు చెయ్యదు. సోయా సాస్ పులియబెట్టేది ఈ ఒరైజేతోనే. తకమినే జోకిచి అనే జపాన్ శాస్త్రవేత్త దీన్ని గోధుమ తవుడు మీద పెంచి, పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్ తీసి 1894లో అమెరికాలో పేటెంట్ పొందాడు. అంటే ఈ పని మొదలై నూరేళ్లు దాటింది. ఇప్పుడు పెద్ద ట్యాంకుల్లో పెంచే రకాల్లో బూజు తన ఎంజైమును ద్రవంలోకి వదిలేస్తుంది. బూజును వడగట్టి పారేసి, ఆ ద్రవాన్నే చిక్కబరుస్తారు. తవుడు మీద పెంచి మొత్తంగా ఎండబెట్టి పొడి చేసే సరుకూ ఉంది. అలాంటిదైతే విష పరీక్షల రిపోర్టు అడిగి తీసుకోండి. చాలా కొత్త ఫైటేజులు అసలు బూజువి కావు, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా నుంచి తీసుకున్న జన్యువుతో తయారవుతాయి. బ్యాక్టీరియా పేరు విని మళ్లీ టెన్షన్ పడకండి, కోడి కడుపులోకి వెళ్లేది సూక్ష్మజీవి కాదు, అది చేసిన ప్రొటీన్ మాత్రమే.

ఇక డీసీపీ. మొక్కజొన్న, సోయా గింజల్లో ఉండే ఫాస్ఫరస్‌లో మూడింట రెండు వంతుల దాకా ఫైటేట్ రూపంలో బిగిసిపోయి ఉంటుంది. దాన్ని విప్పే ఎంజైమ్ కోడి పేగుల్లో సరిపడా లేదు. అందుకే అది రెట్టలో బయటికి పోతుంది, మనం మళ్లీ డీసీపీ కొని కలుపుతాం. ఆస్పర్‌జిల్లస్ నైజర్ ఫైటేజ్ 1991 ప్రాంతంలో మార్కెట్‌లోకి వచ్చింది. రెట్టలోని ఫాస్ఫరస్ నేలనూ నీళ్లనూ పాడుచేస్తోందని నెదర్లాండ్స్‌లో ఆంక్షలు బిగిసిన రోజులవి. కిలో దాణాకు 500 యూనిట్లు కలిపితే అందుబాటు ఫాస్ఫరస్ సుమారు 0.1 నుంచి 0.15 శాతం పెరుగుతుందని ఫార్ములాలు వేసేవాళ్లు లెక్కకడతారు. 0.1 శాతమే అనుకున్నా టన్నుకు కిలో ఫాస్ఫరస్, అంటే 18 శాతం డీసీపీ దాదాపు ఐదున్నర కిలోలు. కాబట్టి అమ్మేవాళ్లు చెప్పేది ఉత్త మాట కాదు. కాకపోతే సున్నపురాయి పొడి ఎక్కువైతే కాల్షియం వెళ్లి ఫైటేట్‌ను పట్టుకుంటుంది, ఎంజైమ్‌కు అందనివ్వదు. లేయర్ (గుడ్ల కోళ్ల) దాణాలో ఇది గుర్తుంచుకోవాలి.

ఈ లెక్క అంతా ఎంజైమ్ పెల్లెట్‌లో మిగిలి ఉంటేనే. పొడిగా ఉన్నప్పుడు ఎంజైమ్ వేడికి కొంత ఓర్చుకుంటుంది. ఆవిరితో తడిసి వేడెక్కితే మాత్రం త్వరగా దెబ్బతింటుంది, పెల్లెట్ చేసే ముందు దాణాకు ఆవిరి పట్టించే కండిషనర్‌లో జరిగేది సరిగ్గా అదే. మా దగ్గరికి వచ్చే నమూనాల్లో పూత లేని పొడి రకాలు 80 డిగ్రీలు దాటాక బాగా పడిపోతాయి. పూత వేసినవి, వేడికి తట్టుకునేలా మార్చినవి నయం. అవి కూడా ఎంతవరకు ఆగుతాయో మీ మిషన్ మీదే చూడాలి.

ఒక మిల్లులో కండిషనర్ మీటర్ 82 డిగ్రీలు చూపిస్తోంది, పెల్లెట్లలో ఫైటేజ్ ఉండాల్సిన దాంట్లో పావు వంతు కూడా లేదు. సప్లయర్ మోసం చేశాడని గొడవ. డై (దాణాను నొక్కి బయటికి తోసే చిల్లుల అచ్చు) కింద పడుతున్న వేడి పెల్లెట్లను ఫ్లాస్కులో పట్టి, మూత పెట్టి, థర్మామీటర్ దింపితే 90 దాటింది. కండిషనర్‌లోని సెన్సర్ చుట్టూ దాణా పేరుకుని గట్టిపడి ఉంది. డై రాపిడితో వచ్చే వేడి అదనం, ఆ మీటర్‌కు అది ఎలాగూ తెలియదు.

అందుకని ఒకే బ్యాచ్ నుంచి రెండు నమూనాలు తియ్యండి. కండిషనర్‌కు ముందు మాష్ (పొడి దాణా) ఒకటి, కూలర్ (పెల్లెట్లను చల్లార్చే యంత్రం) తర్వాత పెల్లెట్ ఒకటి. ల్యాబులో మేము వాటిని మర పట్టి, బఫర్‌లో కలిపి, తేరిన ద్రవాన్ని సోడియం ఫైటేట్‌తో 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. తర్వాత మాలిబ్డేట్, వెనడేట్ ఉన్న ద్రావణం పోస్తే పసుపు రంగు వస్తుంది. విడుదలైన ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురు. మాష్ గొట్టం నిమ్మపండులా పచ్చగా, పెల్లెట్ గొట్టం దాదాపు నీళ్లలా కనిపించిందంటే ఇంకే అంకెలూ అక్కర్లేదు. గోధుమ ఉన్న మాష్‌లో గోధుమకు సొంతంగా ఉండే ఫైటేజ్ కూడా పసుపు తెప్పిస్తుంది, కాబట్టి ఎంజైమ్ కలపని మాష్ కూడా కొంచెం పంపండి. వేడి తగ్గించడం కుదరకపోతే కూలర్ తర్వాత ద్రవ రూపంలో చల్లే పద్ధతి ఉంది.

జైలనేజ్ అనే మరో ఎంజైమ్ కూడా కొనమంటున్నారని రాశారు. మీది మొక్కజొన్న, సోయా దాణా కాబట్టి నేనైతే తొందరపడను. జైలనేజ్ తన పనితనం బాగా చూపించేది గోధుమ ఎక్కువ ఉన్న దాణాలో. అక్కడ పేగులో జిగురు పెంచే పీచును అది తెంచుతుంది, రెట్ట అంటుకోవడం తగ్గుతుంది. ఇలాంటి ఎంజైములు చాలావరకు ట్రైకోడెర్మా రీసైతో తయారవుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాల గుడ్డను కుళ్లబెట్టిన బూజు ఇదే. గుడ్డనే తినేసేది పీచును వదులుతుందా!

మీరు అడగలేదు గానీ, దుమ్ము సంగతి కూడా చెప్పాలి. సబ్బు పొడుల్లో బ్యాక్టీరియా ఎంజైమ్ కలిపే ఫ్యాక్టరీ కార్మికులకు ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తుల జబ్బు వస్తోందని 1969లో వైద్య పత్రికలో వచ్చింది. ఆ తర్వాతే పొడిని గుళికలుగా మార్చి పూత వెయ్యడం మొదలైంది. దాణా ఎంజైముకూ అదే వర్తిస్తుంది. వీలైతే గుళికల రకమే కొనండి. ప్రీమిక్స్ (దాణాలో వేసేందుకు ముందుగా కలిపిన పొడి) తూచే మనిషికి గుడ్డ కాకుండా సరైన మాస్క్ ఇవ్వండి, ఖాళీ సంచి దులపొద్దని చెప్పండి.