2147483647 ప్రధాన సంఖ్యేనని కంప్యూటర్ లేకుండా తేల్చవచ్చా?

తేల్చవచ్చు. 1772లో గణితవేత్త ఆయిలర్ తేల్చి చూపించారు, అదీ చూపు దాదాపు పూర్తిగా పోయాక. ఆ తర్వాత దశాబ్దాల పాటు తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే పెద్దది. ముందు దీని ఆకారం చూడండి: 2³¹ − 1. శ్రమ తగ్గేదంతా అక్కడే.

వర్గమూలం 46340 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలంటే 4792 భాగహారాలు. అంత అవసరం లేదు. ‘క’ అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³¹ని కతో భాగిస్తే శేషం 1. 31 ప్రధానం కాబట్టి, ఫెర్మా చిన్న సిద్ధాంతం (2ని క − 1 ఘాతానికి పెంచి కతో భాగిస్తే 1 మిగులుతుంది) ప్రకారం క − 1 అనేది 31కి గుణిజం కావాలి. క బేసి కనుక 62కి గుణిజం కావాలి. పైగా 2³²కి శేషం 2, అంటే 2¹⁶ వర్గానికి శేషం 2. అలా రావాలంటే కని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవే పరీక్షకు నిలుస్తాయి. 1, 63లను వదిలేస్తే 46340 లోపు అవి 372. వాటిలో 249, 497, 559 లాంటి ప్రధానం కానివి కొట్టేస్తే మొదట మిగిలేవి 311, 1303, 1489.

పదంకెల భాగహారం కూడా వద్దు. 311 సంగతి చూడండి. 2⁸ = 256, 311 తీసేస్తే −55. దాని వర్గం 3025, అంటే −85. రెండూ గుణిస్తే 4675, శేషం 10, ఇది 2²⁴. మిగిలిన 2⁷ = 128తో గుణిస్తే 1280, శేషం 36. 1 రాలేదు, 311 పోయింది. ఇక్కడ ఒక్క శేషం తప్పినా అసలు కారణాంకం చేజారిపోతుంది. అందుకే ప్రతిదాన్నీ రెండో దారిలో సరిచూడాలి: 2¹⁰కి 91, 2²⁰కి 195, 2³⁰కి 18, రెట్టింపు చేస్తే మళ్లీ 36.

పోటీ పరీక్షల కిటుకుల్లో 3, 7, 11, 13 భాగించకపోతే ప్రధానమేనని తేల్చేయడం చూస్తే బాధేస్తుంది. 2047ని కూడా అవేవీ భాగించవు, కానీ అది 23 × 89. ఇంతకంటే ప్రమాదం, 2 ఆధారంగా చేసే ఫెర్మా పరీక్ష: 2ని, సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతో భాగిస్తే 1 మిగులుతుందా అని చూడడం. ఘాతం ప్రధానమైన మెర్సెన్ సంఖ్యలన్నీ (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చేవి) దాన్ని దాటేస్తాయి, 2047తో సహా. ఈ రకం సంఖ్యలకు ఆ పరీక్ష ఏమీ చెప్పదు. లూకాస్–లేమర్ పరీక్ష వాడండి: 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, 2147483647తో భాగించిన శేషం తీసుకుంటూ 29 సార్లు వెళ్లండి. చివర 0 వస్తే ప్రధానం.

ప్రోగ్రాం రాసేవాళ్లకు ఒక మాట. రుణ విలువలనూ పట్టే (signed) 32 బిట్ల పూర్ణాంకంలో ఇదే గరిష్ఠ విలువ. భాజకం వర్గం ఈ సంఖ్యను దాటేదాకా లూప్ తిప్పితే, 46341 దగ్గర వర్గం 2147488281 కావాల్సింది జావాలో −2147479015 అవుతుంది, లూప్ ఆగాల్సిన చోట ఆగదు. వర్గం చేయకుండా, సంఖ్యను భాజకంతో భాగించి వచ్చిన ఫలితంతో భాజకాన్ని పోల్చండి.