మెడ నరం నొక్కుకుపోయి చెయ్యి లేవకపోతే ఏ ఆపరేషన్ మేలు?

పొదిలి దగ్గర పొగాకు సాగుచేసే మీ నాన్నగారు బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే కొట్టంలో) కర్రలు పైకి అందించలేకపోతున్నారని, ఎమ్మారైలో సీ5 నరం (మెడ నుంచి భుజానికి, మోచెయ్యి మడిచే కండరానికి వెళ్లేది) నొక్కుకుపోయినట్టు వచ్చిందని రాశారు.

ముందు నరం మీద ఒత్తిడి తీసేయాలి. ఎక్కువమందికి చేసేది ఏసీడీఎఫ్: గొంతు పక్క నుంచి వెళ్లి ఎముకల మధ్య మెత్తలాంటి డిస్క్ తీసేసి ఎముకల్ని అతికిస్తారు. అరుగుదల పెద్దగా లేకపోతే కృత్రిమ డిస్క్ పెట్టొచ్చు, అక్కడ కదలిక మిగులుతుంది. డిస్క్ పక్కకు జారితే వెనక నుంచి నరం దారి వెడల్పు చేస్తే సరిపోవచ్చు. నొప్పి తొందరగానే తగ్గుతుంది గానీ బలం రావడానికి నెలలు పడుతుంది. ఈలోపే ఆపరేషన్ ఫెయిలైందని టెన్షన్ పడకండి.

అలాగని ఊరికే ఎదురుచూడనూ కూడదు. ఆరు నెలలకైనా కండరంలో కదలిక లేకపోతే ఈఎంజీ (కండరానికి నరం అందుతోందో లేదో చూసే పరీక్ష) చేయించి నరాల మార్పిడి గురించి అడగండి. ట్రైసెప్స్‌కు (మోచెయ్యి చాపే కండరానికి) వెళ్లే ఒక నరం కొమ్మను భుజం కండరం నరానికి, మోచెయ్యి మడవడానికైతే చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరంలోని ఒక పోగును బైసెప్స్ (మోచెయ్యి మడిచే కండరం) నరానికి కలుపుతారు. నరం పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే కాబట్టి కండరానికి దగ్గర్లోనే అతుకు వేస్తారు. ఏడాది, ఏడాదిన్నర నరం అందని కండరం మళ్లీ కోలుకోవడం కష్టం. ఇది స్పైన్ డాక్టరు పని కాదు, చేతి నరాల సర్జన్‌ని వెతుక్కోవాలి.

బాగా ఆలస్యమైతే మిగిలేది టెండన్ మార్పిడి, అంటే బాగా పనిచేసే వేరే కండరం కొసను తెచ్చి ఇక్కడ కలపడం. మోచేతికి ఫర్వాలేదు, తల పైకి కర్ర ఎత్తే బలం మాత్రం నేను ఆశించను.

నడక తూలుతున్నా, చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోతున్నా వెన్నుపామే నలుగుతుండొచ్చు. అప్పుడు పొగాకు వేలం అయ్యేదాకా ఆగొద్దు.