పెదవి కొసన గీత గీయకు

అమ్మాయీ,

నువ్వు ఆయిల్ రంగుల్లో వేసిన పోర్ట్రెయిట్‌కు ఫొటో తీసి పంపావు, చూశాను. పోలిక బాగా కుదిరింది. బొమ్మలోని ఆమె దిగులుగా ఉందని మాత్రం నీ ఉత్తరం చెప్పింది, బొమ్మ చెప్పలేదు.

తప్పు రంగుల్లో లేదు, అంచుల్లో ఉంది. పెదవుల మధ్య గీతను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ముదురులో లాగేశావు. నోరు కుట్టేసినట్టుంది. ఆ గీత ఒకచోట ముదిరి, ఇంకోచోట పలచబడి, కొసల దగ్గర గీతే కాకుండా పోవాలి. అక్కడుండేది చెంపలో కలిసిపోయే చిన్న నీడ, అంతే. రంగు పచ్చిగా ఉండగానే పొడిగా ఉన్న మెత్తని బ్రష్‌తో కొసను ఒక్కసారి తాకి వదిలెయ్. రెండోసారి తాకితే బురదవుతుంది. లియొనార్డో 1503 ప్రాంతంలో మొదలుపెట్టిన మోనాలిసాలో పెదవి కొస ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించలేం. ఆమె నవ్వుతోందా లేదా అన్న తగువంతా అక్కడి నుంచే పుట్టింది. డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయినీ చూడు. ముక్కు దూలానికి అవతలి వైపు గీతే లేదు, వెలుగు చెంపలోకి కరిగిపోయింది.

ఇక కళ్లు. తెల్లగుడ్డుకు ట్యూబులోని తెలుపే వేశావు, అందుకే గుడ్లురిమినట్టుంది. తెలుపులో కొంచెం బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అంతకన్నా తక్కువ అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం కలిపి బూడిదరంగు చెయ్. పై రెప్ప కింద ఇంకొంచెం ముదురు చెయ్, ఎందుకంటే రెప్ప నీడ గుడ్డు మీద పడుతుంది. దిగులు కావాలంటే ఆ రెప్ప కనుపాప పైభాగాన్ని కొద్దిగా కప్పాలి. మెరుపుచుక్క అన్నిటికన్నా చివర, వెలుగు వచ్చే వైపే పెట్టు. అసలు తెలుపును దానికోసమే దాచుకో.

చర్మం నీడల్లో నలుపు కలపకు, పాలిపోతుంది. బర్న్ట్ సియెనా అనే ఎర్రటి గోధుమరంగులో చిటికెడు అల్ట్రామెరైన్ చాలు.

దిద్దేముందు ఆరిన చోట లిన్‌సీడ్ (అవిసె) నూనె పలచగా రుద్ది, బట్టతో తుడిచెయ్. కొత్త రంగు పాతదానిలో కలిసిపోతుంది. పై పొరలో నూనె కింది పొరకన్నా తక్కువైతే తర్వాత బీటలు వారుతుంది, కాబట్టి రంగులో నూనె పాలు తగ్గించి పలచన చేసే టర్పెంటైన్ ఈ దఫా ముట్టుకోకు. మధ్యమధ్యలో బొమ్మను అద్దంలో చూడు, ఒరిగిన కన్ను ఇట్టే దొరికిపోతుంది.

వెలుగు వైపు కన్ను, నోరు మాత్రమే దిద్దు. నీడ వైపు కన్ను జోలికి పోకు, అది కుదిరింది.